ఎనిమిది తీగల దారి

వైరుతో కలిపిన డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఇంటర్నెట్ నెమ్మదిగా వస్తున్నదన్న ఫిర్యాదు పైకి ఒకే మాటగా వినిపించినా, దాని కింద మూడు వేర్వేరు లోపాలలో ఏదైనా దాగి ఉండవచ్చు. ఒక సెకనులో ఎంత సమాచారం వచ్చి చేరుతున్నదన్నది మొదటిది. వాడుకలో స్పీడ్ అంటున్నది దీనినే. పంపిన అభ్యర్థనకు జవాబు తిరిగి రావడానికి ఎంత సమయం పడుతున్నదన్నది రెండవది. ఈ ఆలస్యాన్ని సెకనులో వెయ్యో వంతైన మిల్లీసెకన్లలో కొలుస్తారు. సమాచారాన్ని చిన్న పొట్లాలుగా విడగొట్టి పంపే ప్యాకెట్లలో ఎన్ని దారిలోనే పోతున్నాయన్నది మూడవది. పెద్ద ఫైలు దిగడానికి గంటలు పడితే మొదటిదాన్ని, పేజీ తెరుచుకునే ముందు తెల్లని తెర చాలాసేపు నిలిస్తే రెండవదాన్ని, వీడియో కాల్‌లో మాట తెగితెగి వినిపిస్తే మూడవదాన్ని అనుమానించాలి. ఈ మూడింటినీ కలిపి 'నెట్ స్లో' అని చుట్టేయడం వల్లనే వైరు మార్చవలసిన చోట ప్లాన్ మార్చడం, ప్లాన్ మార్చవలసిన చోట కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించడం జరుగుతున్నది.

మొబైల్ డేటా చౌక అయిన తరువాత బల్ల మీది కంప్యూటర్‌కు పని తగ్గిందని నగరాలలో అనుకోవచ్చు గాని, కేసముద్రం వంటి ఊళ్లలో అది నిజం కాదు. వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చిన ఈ ఊరికి పెద్ద వ్యవసాయ మార్కెట్ ఉన్నది. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఆరంభమైన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ విధానంలో, యార్డుకు వచ్చిన ప్రతి రాశికీ నంబరు కేటాయించి, వ్యాపారులు కంప్యూటర్ ద్వారానో ఫోను ద్వారానో ధర నమోదు చేసే పద్ధతి అక్కడికి కూడా చేరింది. ధరల నమోదుకు ఇచ్చిన గడువు ముగిసే వేళ, మీసేవ కేంద్రంలో వరుస పెరిగిన వేళ, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లకు చివరి రోజున నెట్ సెంటర్ కిటకిటలాడే వేళ, ఒక డెస్క్‌టాప్ మందకొడిగా సాగితే ఆ నష్టం యంత్రం ముందు కూర్చున్నవారితో ఆగదు. బల్లకు అవతల కాగితాలు పట్టుకొని నిలబడ్డ రైతుకూ విద్యార్థికీ కూడా అది నష్టమే. అందుకే ఈ చిన్న లోపాన్ని చిన్నదిగా తీసివేయకుండా, పద్ధతిగా వెతికి పట్టుకోవలసి ఉంటుంది.

ఆ పద్ధతి ఏమిటో తెలుసుకోవడానికి కేసముద్రం ప్రజలకు రైలు పట్టాలను మించిన పోలిక అక్కరలేదు. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే ప్రధాన మార్గం ఈ ఊరి మీదుగానే సాగుతుంది. 2024 సెప్టెంబరు 1న కురిసిన అతి భారీ వర్షానికి ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల నడుమ కట్ట కొట్టుకుపోయి, కింద కంకరగాని మట్టిగాని లేకుండా పట్టాలు గాలిలో వేలాడాయి. వందల కిలోమీటర్ల మార్గమంతా బాగానే ఉన్నా, కోతకు గురైన ఆ కొద్ది మేర వల్ల దక్షిణానికీ ఉత్తరానికీ నడిచే రైళ్లెన్నో ఆగిపోయాయి, దారి మళ్లాయి. మరమ్మతు పూర్తయిన తరువాత కూడా మొదట్లో రైళ్లను ఆ చోట అతి తక్కువ వేగంతోనే పోనిచ్చారు. దారి మొత్తం వేగాన్ని నిర్ణయించేది అందులోని అతి బలహీనమైన ముక్క అన్న ఈ నియమమే సమాచారానికీ వర్తిస్తుంది. పైగా ఈ రెండు దారులకూ మన దేశంలో నేరుగా చుట్టరికం ఉన్నది: 2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ రైలు మార్గాల పక్కనే ఆప్టికల్ ఫైబర్ పరచి, సమాచారాన్ని ఊరి నుంచి ఊరికి మోస్తున్నది. గాజుతో చేసిన ఆ సన్నని తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది గనుక, కేసముద్రం నుంచి హైదరాబాద్ వరకు ఉన్న సుమారు రెండు వందల కిలోమీటర్లు వెళ్లి రావడానికి దానికి పట్టేది రెండు మిల్లీసెకన్లు మాత్రమే. అంటే దూరం అన్నది ఇక్కడ దాదాపు లెక్కలోకి రాదు. నెమ్మదికి కారణం ఎక్కడో ఒక ముక్కలో ఉంటుంది, ఆ ముక్కను వేరు చేసి చూడటమే అసలు పని.

హైదరాబాద్‌లోని పెద్ద యంత్రాల నుంచి బయలుదేరిన సమాచారం వరంగల్ వైపు వచ్చి, స్థానిక ఆపరేటర్ గదిలోని పరికరానికి చేరి, అక్కడి నుంచి స్తంభాల మీది ఫైబర్ ద్వారా ఇంటికో దుకాణానికో వస్తుంది. గోడకు బిగించిన చిన్న పెట్టె ఆ వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. సాంకేతికులు దీనిని ఓఎన్‌యూ అంటారు, వాడుకలో మోడెం అనే పేరే స్థిరపడింది. మోడెం నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి లాన్ కేబుల్ గుండా కంప్యూటర్ వెనుక ఉన్న చతురస్రపు పోర్టుకు, పోర్టు నుంచి నెట్‌వర్క్ కార్డుకు, కార్డు నుంచి బ్రౌజర్‌కు అది చేరవలసి ఉంటుంది. వినియోగదారుని కోపం సాధారణంగా ఈ వరుసలో కంటికి కనిపించని కొస మీదికి, అంటే ఆపరేటర్ మీదికి పోతుంది. అది కొన్నిసార్లు న్యాయమే గాని, వెతకడం మొదలుపెట్టవలసింది మాత్రం చేతికి అందే కొస నుంచి.

వెతికే ముందు కొలత తెలియాలి. ప్లాన్‌లో రాసే 100 ఎంబీపీఎస్ అన్న అంకె సెకనుకు పది కోట్ల బిట్లను చెబుతుంది. ఫైలు పరిమాణాన్ని మాత్రం బైట్లలో లెక్కిస్తారు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కనుక 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో ఫైలు సెకనుకు పన్నెండు మెగాబైట్ల చొప్పున దిగితే అందులో లోపం ఏదీ లేదు. శేరు లెక్కలో చెప్పిన ధాన్యాన్ని కిలోలలో తూచి తక్కువైందని తగువు పడటం వంటిదే ఈ పొరపాటు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని 2023 జనవరిలో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఈనాటి ప్లాన్లు అంతకు ఎన్నో రెట్లు పైన ఉంటాయి గనుక, ఫిర్యాదు చేసేవారు చట్టపు కనీసంతో గాక తాము డబ్బు చెల్లించిన ప్లాన్‌తోనే పోల్చుకోవాలి.

కొలవడం కూడా ఒక క్రమంలో సాగాలి. ఇంట్లో మిగిలిన ఫోన్లు, టీవీ, కెమెరాలు నెట్ వాడకుండా ఆపి, స్పీడ్ టెస్టులో ప్రతిసారి ఒకే నగరపు సర్వర్‌ను, వీలైతే హైదరాబాద్‌ను ఎంచుకొని, ఉదయం ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల నడుమ మరొకసారి అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తరువాత కంప్యూటర్‌లోని సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో ఈథర్‌నెట్ మీద నొక్కితే లింక్ స్పీడ్ అనే వరుస కనిపిస్తుంది. కంప్యూటర్‌కూ దాని ఎదుటి పోర్టుకూ మధ్య కుదిరిన వేగం ఎంతో ఆ ఒక్క వరుస చెబుతుంది. బయటి ఇంటర్నెట్‌తో దానికి సంబంధం లేదు. దానికి ఇవ్వవలసినంత విలువ ఎవరూ ఇవ్వడం లేదన్నదే విచారకరం. అక్కడ 1000 ఉండవలసింది 100 అని ఉంటే, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఆ కంప్యూటర్‌కు వచ్చేది 94 దగ్గర నిలిచిపోతుంది. ఈ 94 అన్నది యాదృచ్ఛికం కాదు: ప్రతి ప్యాకెట్ ముందూ వెనుకా చిరునామా, తప్పుల తనిఖీ, రెండు ప్యాకెట్ల నడుమ విరామం వంటివాటికి కొంత చోటు పోగా, 100లో అసలు సరుకుకు మిగిలేది దాదాపు అంతే. కనుక ఎన్నిసార్లు పరీక్షించినా 93, 94, 94 అని గీసిన గీతలా ఒకే అంకె వస్తుంటే, ఆపరేటర్‌కు ఫోను చేసే ముందు లాన్ కేబుల్‌ను చేతిలోకి తీసుకోవాలి.

ఆ కేబుల్‌ను దగ్గరగా చూడటం అవసరం. బూడిదరంగు తొడుగు లోపల ఎనిమిది సన్నని తీగలు ఉంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అనే నాలుగు రంగులలో, ప్రతి రంగు తీగకూ అదే రంగు చారలున్న తెల్ల తీగ ఒకటి జతగా, జడలా మెలివేసి ఉంటుంది. ఈ మెలికకు పేటెంట్ పొందినవాడు టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్. అది 1881 నాటి మాట. జతలోని రెండు తీగలలో ఒకదానికొకటి వ్యతిరేకమైన సంకేతాలు నడుస్తాయి. పక్కనున్న కరెంటు వైరు నుంచో మోటారు నుంచో వచ్చే అలజడి, మెలిక ఉండటం వల్ల, రెండు తీగల మీద సమానంగా పడుతుంది. అందుకునే చివర ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటారు గనుక సమానంగా పడినది రద్దయి, అసలు సంకేతం మిగులుతుంది. నూట నలభై ఏళ్లు దాటినా ఇంతకన్న సులువైన ఉపాయం దొరకలేదు.

అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఊహించిన ఈథర్‌నెట్ పద్ధతి అనేక దశలు దాటి, 1995లో సెకనుకు 100 మెగాబిట్లకు, 1999లో మామూలు రాగి కేబుల్ మీదనే 1000 మెగాబిట్లకు చేరింది. ఈ రెండు దశల నడుమ ఉన్న ఒక తేడాలోనే నేటి ఫిర్యాదులలో పెద్ద భాగానికి మూలం ఉన్నది. 100 ఎంబీపీఎస్ వేగానికి నాలుగు జతలలో రెండు, అంటే నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. 1000కి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక తీగ తెగినా, ప్లగ్‌లోని లోహపు పలకకు సరిగా తాకకపోయినా, చాలా నెట్‌వర్క్ కార్డులు 1000కి ప్రయత్నించి, విఫలమై, నిశ్శబ్దంగా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, పేజీలు తెరుచుకుంటూనే ఉంటాయి, హెచ్చరిక ఏదీ రాదు. పూర్తిగా ఆగిపోయి ఉంటే ఎవరో ఒకరు ఆ రోజే బాగుచేసేవారు. సగం పనిచేస్తున్నందువల్ల ఆ లోపం నెలల తరబడి అలాగే మిగిలిపోతుంది.

కేబుల్ చివర ఉండే పారదర్శకమైన ప్లగ్‌ను ఆర్‌జే-45 అంటారు. దానిని వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, చిన్న నొక్కుడు పలక కిందికి వచ్చేలా తిప్పి, ఎడమ నుంచి కుడికి చూస్తే, తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అనే వరుస కనిపించాలి. మొదటిసారి చూసినవారికి ఇది వింతగా తోస్తుంది. ఆకుపచ్చ జతను చీల్చి, నడుమ నీలం జతను ఎందుకు దూర్చారన్న సందేహం వస్తుంది. పాత టెలిఫోన్ తీగ నడిమి రెండు స్థానాలను వాడేది గనుక, దానితో పొందిక కోసం చేసిన ఏర్పాటు అది. ఈ సంగతి తెలియక, ఏ రంగు జతను ఆ రంగు పక్కన వరుసగా పేర్చి రెండు చివరలా ఒకే తీరుగా ప్లగ్‌లలో బిగిస్తే ఒక మోసం జరుగుతుంది: చౌకగా దొరికే కేబుల్ టెస్టర్‌కు తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు వరుసగా వెలుగుతాయి, ఎందుకంటే ఈ చివరి తీగ ఆ చివర అదే స్థానానికి చేరుతున్నదా లేదా అన్నదే ఆ టెస్టర్ చూస్తుంది. కాని మూడు, ఆరు స్థానాలలో ఒక సంకేతంగా నడవవలసినవి వేర్వేరు మెలికలలోకి పోవడం వల్ల, అలజడిని రద్దు చేసే గుణం నశించి, కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ప్యాకెట్లు పాడవుతాయి, వేగం పడిపోతుంది. టెస్టర్ బాగుందని చెప్పిన కేబుల్‌నే తప్పుపట్టవలసి రావడం పనివారికి కూడా కష్టంగా ఉంటుంది గాని, ఇక్కడ కంటి చూపే టెస్టర్ కన్న నమ్మదగినది. ప్లగ్‌లోకి వెళ్లే చోట మెలిక విప్పిన భాగం అర అంగుళం మించకూడదన్న నియమానికి కూడా కారణం ఇదే.

తీగ లోహం మరో సంగతి. చుట్టల లెక్కన చవకగా దొరికే కేబుళ్లలో కొన్ని పూర్తి రాగివి కావు. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసినవి. అల్యూమినియం రాగిలో సుమారు అరవై శాతం మేరకే విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, నాలుగైదు సార్లు వంచితే విరుగుతుంది కూడా. బ్లేడుతో తీగను మెల్లగా గీరితే లోపల ఎర్రగానే ఉంటే రాగి, వెండిలా తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పది అడుగుల దూరానికి అది నడిచిపోతుంది గాని, దుకాణం నుంచి వెనుక ఇంటికో, కింది గది నుంచి డాబా మీదికో లాగితే ఎక్కడో ఒక మలుపులో ఓడిపోతుంది. అసలైన రాగి కేబుల్‌కైనా వంద మీటర్లు హద్దు. ఎండకు పగిలిన తొడుగు, తలుపు సందులో నలిగిన చోటు, ఎలుక కొరికిన గాటు, కరెంటు వైరుతో కలిపి ఒకే పైపులో పోనిచ్చిన భాగం, ఇవన్నీ మొదటి నుంచి చివరి వరకు చేతితో తడుముతూ వెళితే బయటపడతాయి. ప్లగ్ మీది నొక్కుడు పలక విరిగిపోతే అది పోర్టులో వదులుగా కూర్చొని, ఫ్యాను గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా సంబంధం తెగుతుంది. వేసవి చివర ఉరుములు మెరుపులతో వచ్చే గాలివానల కాలంలో, డాబా మీదుగా బయట లాగిన రాగి కేబుల్ మెరుపు వల్ల పుట్టే విద్యుత్తును లోపలికి తెచ్చి పోర్టును చంపగలదు; రెండు భవనాల నడుమ గాజు ఫైబర్ వేయడమే క్షేమం.

కేబుల్ కొత్తది వేసినా లింక్ స్పీడ్ 100 దాటకపోతే పోర్టులను చూడాలి. మోడెం పెట్టెలు కొన్నింటిలో ఒక పోర్టు 1000ది, పక్కది 100ది అయి ఉంటుంది. జీఈ, ఎఫ్‌ఈ అన్న గుర్తులు వాటినే తెలుపుతాయి. నడుమ ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పాత నెట్‌వర్క్ స్విచ్ కూడా వేగాన్ని ఇలాగే 100 వద్ద ఆపుతుంది. ఇంకొక అరుదైన లోపం ఉన్నది: ఎప్పుడో ఒకసారి వేగాన్ని చేతితో స్థిరపరచి ఉంటే, ఒక చివర ఏకకాలంలో పంపుతూ అందుకుంటూ ఉండగా, రెండవ చివర వంతులవారీగా మాత్రమే మాట్లాడాలనుకుంటుంది, ఒకరు మాట్లాడుతుండగానే మరొకరు అందుకున్నట్టు ప్యాకెట్లు ఢీకొని, చిన్న పనులకు బాగానే ఉండి, పెద్ద ఫైలు మొదలుపెట్టగానే వేగం కుప్పకూలుతుంది. కార్డు సెట్టింగులలో వేగాన్ని ఆటోకు వదిలేస్తే ఇది తీరుతుంది.

లింక్ స్పీడ్ 1000 అని చూపుతూ, అదే కేబుల్‌కు కలిపిన మరో ల్యాప్‌టాప్‌లో వేగం బాగా వస్తుంటే, లోపం కంప్యూటర్ లోపల ఉన్నట్టు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఏ ప్రోగ్రామ్ నెట్‌ను తాగుతున్నదో కనిపిస్తుంది. విండోస్ అప్‌డేట్లు, ఫోటోలను ఆన్‌లైన్‌కు ఎక్కించే సర్వీసులు, తెలియకుండా ఆన్‌లో ఉన్న వీపీఎన్ సాధారణ కారణాలు. అదే తెరలో డిస్క్ వరుసను కూడా చూడాలి. పాత తిరుగుడు హార్డ్‌డిస్క్ నూరు శాతం వద్ద నిలిచి ఉంటే, నెట్ ఎంత వేగంగా తెచ్చి ఇచ్చినా రాసుకునే చెయ్యి ఖాళీ లేక పేజీ ఆగుతుంది, నింద నెట్ మీద పడుతుంది. వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ ఆలస్యం చేస్తే, పేజీ తెరుచుకోవడానికి మాత్రమే జాగు జరిగి, తెరుచుకున్నాక అంతా వేగంగా సాగుతుంది.

దుకాణాలలో ఎక్కువగా కనిపించేది మరొకటి. నిఘా కెమెరాలు రోజంతా దృశ్యాలను బయటికి పంపుతుంటాయి. పైకి పంపే దారి నిండిపోయినప్పుడు రౌటర్ ప్యాకెట్లను తన నిల్వలో వరుసగా నిలబెడుతుంది, ఆ వరుస ఎంత పొడవైతే ప్రతి జవాబూ అంత ఆలస్యం. పింగ్ అనే ఆదేశంతో దీనిని ఎవరైనా పరీక్షించవచ్చు: ఎవరూ వాడనప్పుడు పది మిల్లీసెకన్లలో వచ్చే జవాబు, కెమెరాలు పనిచేస్తుండగా మూడు నాలుగు వందలకు పెరిగితే, స్పీడ్ టెస్టులో పెద్ద అంకె కనిపించినా వాడకం నరకంగానే ఉంటుంది. పెద్ద ప్లాన్ దీనికి మందు కాకపోవచ్చు. కెమెరా దృశ్యాల నాణ్యత తగ్గించడం, రౌటర్‌లో ప్రతి పరికరానికీ హద్దు పెట్టడం మేలు.

ఇవన్నీ చూసిన తరువాత కూడా మోడెం దగ్గరే వేగం తక్కువగా ఉంటే, అప్పుడు దోషం దారి మీదిది. స్తంభం మీది ఫైబర్ ఒక్క ఇంటిది కాదు. విరివిగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో కిందికి 2.488, పైకి 1.244 గిగాబిట్ల దారిని ఒకే గాజుపోగు మీద 32 లేదా 64 కనెక్షన్లు పంచుకుంటాయి. ఉదయం బాగా ఉండి రాత్రి మాత్రమే పడిపోయే వేగానికి కారణం ఈ పంపకంలోగాని, ఆపరేటర్ పైనుంచి కొన్న సామర్థ్యం చాలకపోవడంలోగాని ఉంటుంది. గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చడానికి 2011లో కేంద్రం ఆమోదించి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకం, మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాలలోనే కేబుల్ వేస్తూ వచ్చిన తెలంగాణ టీ-ఫైబర్ ఈ దారిని వెడల్పు చేసే ప్రయత్నాలే. నీళ్ల కోసం తవ్విన గోతిలోనే వెలుగును కూడా పంపాలన్న ఆలోచన అభినందించదగినది, ఎందుకంటే ఫైబర్ ఖర్చులో పెద్ద వాటా గాజుది కాదు, తవ్వకానిది.

ఉదయం సాయంత్రం ఒకే తీరుగా వేగం తక్కువగా ఉన్నా, వానకో గాలికో తెగి వస్తున్నా, వెలుగు బలాన్ని కొలిపించాలి. మోడెం మీద ఎర్రగా వెలిగే ఎల్ఓఎస్ దీపం వెలుగు అసలు అందడం లేదని చెబుతుంది; అంతకు ముందు దశను చెప్పేది మాత్రం అంకె. ఆపరేటర్ మనిషి తన వెంట తెచ్చే పవర్ మీటర్‌ను మోడెంకు వచ్చే సన్నని ఫైబర్ తీగకు, అంటే ప్యాచ్ కార్డుకు, తగిలిస్తే మైనస్ 18, మైనస్ 22 వంటి అంకె వస్తుంది. ప్రతి మూడు అంకెలకూ వెలుగు సగం తగ్గినట్టు లెక్క, మైనస్ 27 దాటితే సాధారణ మోడెం దానిని నమ్మకంగా చదవలేదు. ఆ అంకె హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు మొదట చూడవలసింది బీరువా వెనుక నలిగినట్టు మడత పడిన ప్యాచ్ కార్డు. వేలికి చుట్టినంత వంపులోనే గాజు నుంచి వెలుగు బయటికి కారిపోతుంది గనుక, దానిని పెద్ద చుట్టగా వదులు చేసి మళ్లీ కొలవాలి. అంకె మారకపోతే మిగిలింది స్తంభం మీది అతుకు. దానిని విప్పి, గాజు కొసలను శుభ్రంగా కోసి, కొత్తగా కరిగించి అతికించవలసింది ఆపరేటరే, ఇంటివారు కాగితం మీద రాసి ఉంచిన ఉదయపు, రాత్రి అంకెలను, లింక్ స్పీడ్ 1000 అన్న మాటను చూపితే అతడు నిచ్చెన తేవడానికి మరో కారణం అడగవలసిన అవసరం ఉండదు.